సభ ఖర్చు ఎవరి పద్దులోకి వెళ్తుంది?

ప్రశ్న: 2024 ఎన్నికలప్పుడు మా ఊరి శివార్లలో జరిగిన సభకు ఒక పార్టీ అధినేత హెలికాప్టర్‌లో వచ్చారు. వేదిక, లైట్లు, కుర్చీలు, జనాన్ని తెచ్చిన బస్సులు చూస్తే శాసనసభ అభ్యర్థికి ఉన్న 40 లక్షల పరిమితి ఆ ఒక్క సాయంత్రానికే చాలదనిపించింది. కానీ ఆ అభ్యర్థి లెక్కల్లో ఆ సభ పేరిట చూపింది చాలా స్వల్పమని విన్నాను. ఇది చట్టానికి లోబడే జరిగిందా? – ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: చట్టానికి లోబడే జరిగి ఉండవచ్చు. మన చట్టం పరిమితి విధించింది అభ్యర్థికే తప్ప పార్టీకి కాదు. 2022 జనవరిలో సవరించిన నిబంధన ప్రకారం మన రెండు రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయల వరకు, శాసనసభ అభ్యర్థి 40 లక్షల వరకు ఖర్చు చేయవచ్చు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించే రోజు దాకా అయిన ఖర్చే ఈ లెక్కలోకి వస్తుంది. పార్టీ చేసే ఖర్చుకు మాత్రం గరిష్ఠ పరిమితి అంటూ లేదు.

ఈ వెసులుబాటుకు ఒక చరిత్ర ఉంది. అభ్యర్థి కోసం, అతనికి తెలిసి పార్టీ పెట్టిన ఖర్చు కూడా అతని ఖర్చు కిందికే వస్తుందని 1974లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఆ ఏడాదే చట్టాన్ని సవరించి పార్టీ ఖర్చును, మిత్రుల ఖర్చును అభ్యర్థి పద్దు నుంచి తప్పించారు. దాదాపు మూడు దశాబ్దాల పాటు పరిమితి అన్నది కాగితానికే పరిమితమైందంటే అతిశయోక్తి కాదు. 2003 సవరణతో ఆ మినహాయింపు కుదించుకుపోయి, స్టార్ క్యాంపెయినర్ల, అంటే పార్టీ ప్రచారానికి తిరిగే ముఖ్య నేతల ప్రయాణ ఖర్చుకే మిగిలింది. గుర్తింపు పొందిన పార్టీ 40 మందిని, గుర్తింపు లేని నమోదిత పార్టీ 20 మందిని ఇలా ప్రకటించవచ్చు. అయితే నోటిఫికేషన్ వెలువడిన 7 రోజుల్లోగా ఆ జాబితాను ఎన్నికల సంఘానికి అందజేయాలి.

ఇక మీరు చూసిన సభ సంగతి. ఆ జాబితాలో పేరుంటే అధినేత హెలికాప్టర్ ఖర్చు పార్టీదే. అభ్యర్థి కూడా అదే హెలికాప్టర్ ఎక్కితే మాత్రం అందులో సగం అతని పద్దులో పడుతుంది. మైదానంలో అయిన ఖర్చుకు వేరే కొలమానం ఉంది: అభ్యర్థి అదే వేదికపై కూర్చున్నా, వక్త అతని పేరెత్తినా, అతని ఫొటోతో ఫ్లెక్సీలు అక్కడ కట్టినా సభ ఖర్చు అతనిదే అవుతుంది. ముగ్గురు అభ్యర్థులు వేదిక పంచుకుంటే ఖర్చునూ సమానంగా పంచుతారు, అంటే 30 లక్షల సభలో తలా 10 లక్షలు. అధినేత ప్రసంగిస్తుండగా స్థానిక అభ్యర్థి కింద జనంలో నిలబడి చేతులు జోడించడం మీరెప్పుడైనా గమనించి ఉంటే, అది వినయమని మాత్రమే అనుకోనక్కర్లేదు.

అధికారులు ఏమీ చూడరనుకోవద్దు. సభ మొదలయ్యే ముందు వీడియో బృందం కెమెరా ఆన్ చేసి తేదీ, స్థలం, పార్టీ, అభ్యర్థి పేర్లు గొంతెత్తి చెబుతుంది. వాహనాలు ఎన్ని, కుర్చీలు ఎన్ని, వేదిక కొలత ఎంత, కటౌట్లు ఎన్ని అన్నదీ అందులోనే రికార్డు చేస్తుంది. జిల్లా ఎన్నికల అధికారి ముందే ఖరారు చేసిన ధరల పట్టికతో వాటిని లెక్కగట్టి, అభ్యర్థి ఖర్చుపై అధికారులు విడిగా ఉంచే షాడో రిజిస్టర్‌లో రాస్తారు. అభ్యర్థి కూడా తన రిజిస్టర్‌లో రోజువారీ ఖర్చును తెల్ల పేజీల్లో, నగదును గులాబీ పేజీల్లో, బ్యాంకు లావాదేవీలను పసుపు పేజీల్లో రాయాలి. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు ఈ రెండు రిజిస్టర్లను సరిపోల్చి చూస్తారు.

ప్రశ్న: అభిమానంతో నా సొంత డబ్బు పెట్టి ఒక నాయకుడికి ఫ్లెక్సీ కట్టించాను. అది కూడా తప్పేనా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అభ్యర్థి లిఖితపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ఖర్చు చేయడం నేరం. భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ ప్రకారం 10 వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 10 రూపాయలు మించని ఖర్చయితే, 10 రోజుల్లోగా అనుమతి తెచ్చుకున్నవారికి మినహాయింపు ఉంది. పాత శిక్షాస్మృతిలో ఉన్న ఆ 10 రూపాయలను కొత్త చట్టంలోనూ అలాగే ఉంచారు. ఈ రోజుల్లో దానితో ఒక కప్పు టీ దొరికితే గొప్ప. అనుమతి ఉంటే మీ ఫ్లెక్సీ ఖర్చు అభ్యర్థి పద్దులో చేరుతుంది.

ప్రశ్న: తప్పుడు లెక్క ఇచ్చినందుకు ఎవరైనా పదవి పోగొట్టుకున్నారా? మాలాంటి వాళ్లు ఆ లెక్కలు చూడవచ్చా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పోగొట్టుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలి శాసనసభ్యురాలు ఉమ్లేష్ యాదవ్ 2007 ఎన్నికల్లో వార్త రూపంలో వేయించుకున్న ప్రకటన ఖర్చు 21,250 రూపాయలను లెక్కలో చూపలేదని తేల్చి, 2011 అక్టోబరులో ఎన్నికల సంఘం ఆమెపై మూడేళ్ల అనర్హత వేటు వేసింది. లెక్క సకాలంలో ఇచ్చారా లేదా అన్నదే కాక, అది నిజమా కాదా అన్నదీ సంఘం విచారించవచ్చని 2014లో మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అశోక్ చవాన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీరూ తప్పకుండా చూడవచ్చు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా అభ్యర్థి తన లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. అందిన రెండు రోజుల్లో ఆ సంగతి కార్యాలయ నోటీసు బోర్డుపై పెడతారు. ఒక్క రూపాయి రుసుము చెల్లించి ఎవరైనా దాన్ని పరిశీలించవచ్చు; నకళ్లకు వేరే రుసుము ఉంటుంది.

చిక్కల్లా గడువులతోనే. పరిమితి దాటారని ఎన్నికను హైకోర్టులో సవాలు చేయడానికి ఆ నియోజకవర్గ ఓటరుకైనా, పోటీ చేసినవారికైనా ఫలితం నుంచి 45 రోజులే గడువు. పార్టీలు తమ ఖర్చు వివరాలు ఇవ్వడానికి మాత్రం శాసనసభ ఎన్నికలకు 75 రోజులు, లోక్‌సభకు 90 రోజుల సమయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్ 4న ఫలితాలు వచ్చాయి కనుక అభ్యర్థుల లెక్కలకు జూలై 4, కోర్టుకు వెళ్లడానికి జూలై 19 చివరి తేదీలు. రెండు ఎన్నికలూ కలిసి జరగడంతో పార్టీల లెక్కలకు సెప్టెంబరు మొదటి వారం దాకా వ్యవధి దొరికింది. సభ ఖర్చులో పార్టీ తనదని చూపిన భాగం ఎంతో తెలిసేనాటికి కోర్టు తలుపు మూసుకుపోయి ఆరు వారాలు దాటింది. ఈసారి మీ అనుమానం తీర్చుకోవాలంటే అభ్యర్థి లెక్క దాఖలైన వెంటనే కలెక్టరేట్‌కు వెళ్లండి. చివరి రోజు దాకా ఆగి అతను లెక్క ఇస్తే మీకు మిగిలేది 15 రోజులే.