గ్రనాడాలో ఒక్క రోజు: అల్హాంబ్రా టికెట్ మీద వేసిన టైమే ముఖ్యం

మాడ్రిడ్ నుంచి దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడా వెళ్తే ఒక్క రోజు సరిపోతుందా, అక్కడ కొండ మీదున్న కోట, మహళ్ల సముదాయం అల్హాంబ్రాకి టికెట్ అక్కడికెళ్లి కొనొచ్చా అని అడిగారు. రైలుకే పోను మూడున్నర గంటలు, రాను అంతే. అందుకే ఆ రాత్రి అక్కడే ఉండండి. టికెట్ మాత్రం తేదీ ఖాయమవగానే కొనేయండి, సీజన్లో చాలా ముందే అయిపోతాయి.

కొనేటప్పుడే చాలామంది పొరపాటు పడతారు. జనరల్ టికెట్లో అల్కసాబా కోట, హెనెరలీఫె తోటలు, గ్రనాడాని ఏలిన ముస్లిం రాజవంశం నస్రిద్‌లు కట్టిన నస్రిద్ మహళ్లు మూడూ ఉంటాయి. తోటల టికెట్ చవక, కానీ అందులో ఆ మహళ్లు ఉండవు. అవి చూడకపోతే అల్హాంబ్రా చూడనట్టే. టికెట్ పేరు మీద ఇస్తారు కాబట్టి పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి.

టికెట్ మీద ఉండే టైమ్ గేటుకి కాదు, నస్రిద్ మహళ్ల గుమ్మానికి. అది దాటిపోతే లోపలికి పంపరు. టికెట్ కౌంటర్లు హెనెరలీఫె వైపు ఉంటాయి, అక్కణ్ణుంచి మహళ్లకు పావుగంటకు పైనే నడక. టికెట్ ముందే ఉన్నవాళ్లు 1348లో కట్టిన 'న్యాయద్వారం' (పుయెర్తా దె లా హుస్తీసియా) గుండా వెళ్తే దగ్గర. కింద ఊళ్లో ప్లాసా ఇసబెల్ లా కతోలికా అనే కూడలి దగ్గర సీ30 బస్సు దొరుకుతుంది. నడిచేవాళ్లకి గోమెరెస్ వీధి ఎక్కుడు దారి ఇరవై నిమిషాలు.

పదిన్నర టైమ్ దొరికితే ఎనిమిదిన్నరకే తోటలు మొదలుపెట్టి, తర్వాత మహళ్లు, చివర పక్కనే ఉన్న కోట. మొత్తం నాలుగు గంటలు పెట్టుకోండి.

మహళ్లలో హడావిడి పడకండి. వాటిలో ఒకటైన కొమారెస్ మహలు ముంగిట్లో కొలను రెండు కొసల్లో నీళ్లు వచ్చే చిన్న గుండ్రటి తొట్లు చూడండి. నీటి వేగం అక్కడే తగ్గిపోతుంది, అందుకే కొలను కదలక బురుజు నీడ అద్దంలోలా నిలుస్తుంది. దారో నది నుంచి కాలువ తవ్వి ఈ నీళ్లన్నీ కొండ మీదికి తెచ్చారు. గోడల మీద మళ్లీమళ్లీ కనిపించే అరబిక్ పంక్తికి అర్థం 'దేవుడు తప్ప విజేత లేడు'. నస్రిద్ వంశం చివరి రాజు 1492 జనవరి 2న నగరం అప్పగించాడు. అప్పగింత తీసుకున్న క్రైస్తవ రాణీరాజులు ఇసబెల్, ఫెర్నాందోల శవపేటికలు కింద ఊళ్లో, రాజప్రార్థనాలయం నేలమాళిగలో ఉన్నాయి. పైన పాలరాతి సమాధులు ఎంత ఘనమో, కింద సీసపు పెట్టెలు అంత సాదా. ఆ రెండూ ఒకేసారి చూడాలి.

సాయంత్రం ఆల్బైసీన్ పేటలో సాన్ నికొలాస్ అరుగు మీదికి చేరండి. పడమటి ఎండ ఎదురుగా కోట మీద పడుతుంది, వెనక సియెర్రా నెవాదా కొండలు. దారంతా గులకరాళ్లు, నునుపు అడుగున్న చెప్పులు జారతాయి.

గ్రనాడాలో డ్రింక్ ఆర్డర్ చేస్తే తాపా అనే చిరుతిండి ఊరికే ఇస్తారు. శాకాహారులు 'మాంసం వద్దు' అంటే చాలదు, చేపో, పంది తొడ ముక్కో పడి వస్తుంది. 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో' అని మూడూ చెప్పండి. లేదంటే 'బెరెన్హెనాస్ కోన్ మియెల్' అడగండి: చెరకుపాకం పోసిన వంకాయ వేపుడు, మనవాళ్లకి బాగా నచ్చుతుంది.