సంతకాలయ్యాక వాళ్లను ఇంటికి వెళ్లనివ్వకు

తల్లీ,

యుద్ధం ఆగిన దేశంలో, ఎన్నికల్లో నిలబడే ఆడవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చే పని దొరికిందని రాశావు. చదివి ఎంత సంతోషపడ్డానో అంత టెన్షన్ కూడా పడ్డాను. ముప్పై ఏళ్లు మహిళా సంఘాలతో తిరిగినదాన్ని, అందుకే వెళ్లేముందు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు పశ్చిమ ఆఫ్రికాలో అంతర్యుద్ధంతో నలిగిపోయిన లైబీరియా సంగతి బాగా తెలుసుకో. 2003లో పక్క ప్రాంతపు దేశం ఘనా రాజధాని అక్రాలో శాంతి చర్చలు వారాల తరబడి సాగాయి. ప్రభుత్వం, తిరుగుబాటు వర్గాల ప్రతినిధులు అక్కడ పదవుల బేరాల్లో ఉంటే, లైబీరియా రాజధాని మన్రోవియాలో జనం చచ్చిపోతున్నారు. అప్పటికే చేపల మార్కెట్ దగ్గర తెల్లబట్టలు కట్టుకుని ఎండనక వాననక కూర్చున్న ఆడవాళ్లు, క్రైస్తవులూ ముస్లింలూ కలిసి, అక్రా దాకా వచ్చేశారు. చర్చల హాలు గుమ్మం ముందు చేతులు పెనవేసుకుని కూర్చుని, ఒప్పందం తేలేదాకా లోపలివాళ్లెవరూ బయటికి రావడానికి వీల్లేదన్నారు. ఆ ఆడవాళ్లను నడిపించిన లేమా గ్బోవీని అరెస్టు చేయడానికి గార్డులు వస్తే ఆవిడ తలకు కట్టుకున్న గుడ్డ తీసేసి ఒంటిమీది బట్టలు కూడా విప్పబోయింది. తల్లిలాంటి మనిషి తనంతట తానే అలా నిలబడితే చూసినవాళ్లకు శాపం తగులుతుందని అక్కడి నమ్మకం. గార్డులు వెనక్కి తగ్గారు. కొన్ని వారాలకే, ఆగస్టు 18న, సంతకాలయ్యాయి.

చాలామంది కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. నువ్వు మాత్రం ఆ తర్వాత జరిగింది చూడు. ఆ డిసెంబరులో ఆయుధాలు అప్పగించే కార్యక్రమం మొదలైతే, అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లమంది వచ్చిపడి గందరగోళమైపోయి ఆపేయాల్సి వచ్చింది. మళ్లీ 2004 ఏప్రిల్‌లో గానీ మొదలవలేదు. ఏ ఇంట్లో తుపాకీ ఉందో, ఏ కుర్రాడు ఎవరి మాట వింటాడో ఆ ఊళ్ల తల్లులకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? వాళ్లను మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టుకోవాల్సింది, ఇప్పటికీ నాకు ఆ బాధ పోదు. అందుకే నీకు నేను గట్టిగా చెప్పేది ఇదే: ధర్నాలో ముందు కూర్చున్నవాళ్లను సంతకాలవగానే దండం పెట్టి ఇంటికి పంపేస్తారు, నువ్వు పంపనివ్వకు. వాళ్ల పేర్లు రాసి పెట్టుకో, ప్రతి కమిటీకీ ఆ పేర్లే పంపు.

ఒక్క ఆడమనిషి కుర్చీ ఎక్కితే అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకోకు. ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ 2006 జనవరిలో లైబీరియా అధ్యక్షురాలైంది, ఆఫ్రికాలో ఎన్నికల్లో గెలిచి దేశాధినేత అయిన మొదటి మహిళ. ఏళ్ల తరబడి చీకట్లో మగ్గిన మన్రోవియాలో ఆ ఏడాది జూలైలోనే కొన్ని వీధి దీపాలు వెలిగించింది, 2010కల్లా 400 కోట్ల డాలర్లకు పైగా అప్పు మాఫీ చేయించింది. ఇవి చిన్న పనులు కావు. కానీ కొడుకులకు పదవులిచ్చి మాట పడింది. ఆవిడ పన్నెండేళ్ల పాలన చివర్లో జరిగిన 2017 ఎన్నికల్లో దిగువ సభలోని 73 సీట్లలో ఆడవాళ్లకు వచ్చినవి 9. నిజం చెప్పాలంటే ఆ అంకె చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆఫ్రికాలోనే ఉన్న రువాండాలో 2003 రాజ్యాంగంలోనే, నిర్ణయాలు తీసుకునే పదవుల్లో ఆడవాళ్లకు కనీసం 30 శాతం అని రాసుకున్నారు. 2008 నాటికి పార్లమెంటు దిగువ సభలో సగానికి మించి వాళ్లే. అంతకుముందే, 1999లో, కూతుళ్లకూ ఆస్తిలో సమాన వాటా ఇస్తూ చట్టం తెచ్చారు, 1994 మారణహోమంలో భర్తలు చనిపోయి మిగిలిన ఇల్లాళ్లూ తండ్రుల్ని పోగొట్టుకున్న ఆడపిల్లలూ అంతమంది ఉన్నచోట భూమి ఎవరి పేరున ఉందన్నదే బతుకు. అక్కడ ప్రతిపక్షానికి నోరెత్తే వీలు తక్కువ, అది నేను మెచ్చుకోలేను. అయినా సీట్లూ భూమీ చట్టంలోకి ఎక్కాలన్న సంగతి మాత్రం పట్టుకో. నాయకులు మారినా కాగితం మీదున్నది చూపించి అడగొచ్చు.

ఇంకొకటి, చిన్న విషయంలా కనిపిస్తుంది. నేను పనిచేసిన ఒకచోట మీటింగులు పొద్దుగూకాక పెట్టేవాళ్లు. పిల్లలకు అన్నాలు పెట్టే వేళ కదా, ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయేవారు, అసలు నిర్ణయాలన్నీ వాళ్లు వెళ్లాకే జరిగేవి. అది కనిపెట్టడానికి నాకు ఏడాది పట్టింది. పొద్దున పదింటికి మార్చి, పిల్లల్ని చూసుకోవడానికి పక్కగదిలో ఒక మనిషిని పెట్టాక, అంతవరకూ తలొంచుకు కూర్చున్న ఒకావిడ లేచి బడ్జెట్ కాగితం చేతిలోకి తీసుకుని, ఈ డబ్బు ఎక్కడికి పోయింది అని అడిగింది.

నువ్వు మొదటి మీటింగ్ ఏ వేళకు పెట్టావో, చివరిదాకా ఎంతమంది కూర్చున్నారో తప్పకుండా రాయి.

నీ పెద్దమ్మ