జర్మనీ చేతిలో 6-0తో ఓడిన మొరాకో ముందుకు వెళ్లింది, గెలిచిన జర్మనీ ఇంటికి వెళ్లింది. ఎలా?

గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ఫుట్‌బాల్ ఆడే ఒక అమ్మాయి 2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గురించి ఈ ప్రశ్నే అడిగింది. చాలా మంచి ప్రశ్న.

32 జట్లను నాలుగేసి చొప్పున 8 గ్రూపులు చేశారు. ప్రతి జట్టుకూ మూడు మ్యాచ్‌లు. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1. మొదటి రెండు జట్లు ముందుకు వెళ్తాయి.

గోల్స్ తేడాను, అంటే వేసిన గోల్స్‌లోంచి ప్రత్యర్థులు వేసినవి తీసేస్తే వచ్చే అంకెను, చూసేది పాయింట్లు సమానమైనప్పుడే. అసలు కీలకం ఇదే. 6-0తో గెలిచినా 1-0తో గెలిచినా వచ్చేవి మూడే పాయింట్లు. మొరాకోను చిత్తు చేసిన జర్మనీ తర్వాత కొలంబియా చేతిలో 2-1తో ఓడింది, దక్షిణ కొరియాతో 1-1 డ్రా చేసుకుంది. మొత్తం 4 పాయింట్లు. మొరాకో మాత్రం కొరియాను, కొలంబియాను ఒక్కో గోల్‌తో ఓడించి 6 పాయింట్లు సాధించింది. దాని గోల్స్ తేడా మైనస్ 4, జర్మనీది ప్లస్ 5 అయినా లెక్కలోకే రాలేదు!

కొరియాపై జర్మనీ ఇంకొక్క గోల్ వేసి ఉంటే జర్మనీ, మొరాకో, కొలంబియా మూడూ 6 పాయింట్లతో నిలిచేవి. అప్పుడు గోల్స్ తేడాతో మొరాకోయే ఇంటికి వెళ్లేది. అందుకే గ్రూపులో చివరి రెండు మ్యాచ్‌లనూ ఒకే సమయానికి మొదలుపెడతారు, ఎవరూ ముందే ఫలితం తెలుసుకుని ఆడకుండా. పెర్త్‌లో తమ ఆట ముగిశాక మొరాకో అమ్మాయిలు మైదానంలోనే గుమిగూడి, బ్రిస్బేన్‌లో జరుగుతున్న జర్మనీ-కొరియా మ్యాచ్ ఫలితం కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అదే వారి తొలి ప్రపంచ కప్. ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.