మాత్ర మానేసిన చలికాలం, నేను తీయలేకపోయిన ఫోటో

“కీళ్లవాతంతో బాధపడుతూ, చంటిబిడ్డను పెంచుకుంటూ ఫోటోగ్రఫీ వ్యాపారం నడపడం సాధ్యమేనా? దేవుని మీద విశ్వాసం ఉంటే సరిపోతుందా?” అని ఒక సోదరి అడిగారు. సాధ్యమే. అయితే నన్ను జవాబు రాయడానికి కూర్చోబెట్టింది మాత్రం రెండో ప్రశ్న. సరిపోతుందని నమ్మి నేను ఒకరి పెళ్లి ఫోటోలు పాడుచేశాను.

మాది గుంటూరు. మూడు తరాలుగా లూథరన్ కుటుంబం. బాబుకు ఎనిమిదో నెల నడుస్తుండగా, ఉదయం నిద్ర లేచేసరికి రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి, వాడి చొక్కా గుండీ పెట్టడం కూడా నా వల్ల అయ్యేది కాదు. బాలింత వాతమని మా అత్తయ్య కాపడాలు పెట్టారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతమని డాక్టరుగారు తేల్చారు. వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్ అనే మాత్ర వేసుకోవాలని, దానికి తోడు ఫోలిక్ యాసిడ్ వాడాలని, తరచు రక్తపరీక్షలు చేయించుకోవాలని, బిడ్డకు పాలు మాన్పించిన తరువాతే ఆ మాత్ర మొదలుపెట్టాలని, అది వాడుతున్నంత కాలం మళ్లీ గర్భం రాకుండా జాగ్రత్తపడాలని చెప్పారు. జబ్బు పేరు విన్నప్పుడు రాని ఏడుపు పాలు మాన్పించిన రాత్రి వచ్చింది.

ఈ జబ్బుకూ మా వృత్తికీ మధ్య ఒక చిత్రమైన లెక్క ఉంది. వేళ్ల బిగుతు ఉదయం పూట ఎక్కువగా ఉండి, పొద్దెక్కేకొద్దీ సడలుతుంది. కాబట్టి అర్ధరాత్రి ముహూర్తం పెళ్లిళ్లకు నా చేతులు చక్కగా పనిచేసేవి కాని, ఇంట్లో బిడ్డ నిద్రపోకుండా ఏడ్చేవాడు. చర్చి పెళ్లిళ్లు పగటి పూట జరుగుతాయి గనుక బిడ్డకు ఇబ్బంది లేదు కాని, ఆ వేళకు నా వేళ్లు పూర్తిగా లొంగేవి కావు. అలాగని చర్చి పెళ్లిళ్లను వదులుకోవడానికీ లేదు. ఆషాఢంలోనూ, మూఢంలోనూ, ధనుర్మాసంలోనూ ఊళ్లోని ఫోటోగ్రాఫర్లందరూ ఖాళీగా కూర్చుంటే, ఆ పట్టింపు లేని మావాళ్లు అప్పుడూ పెళ్లిళ్లు చేస్తారు. ధనుర్మాసంలోనైతే క్రిస్మస్‌కు బంధువులు వచ్చి ఉంటారని సరిగ్గా ఆ రోజుల్లోనే పెట్టుకుంటారు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజులు తప్పిస్తే నాకు ఏడాది పొడవునా పని దొరికేది అందువల్లనే.

ఇక ఆ పెళ్లి సంగతి. నవంబరులో ఒక ప్రార్థన కూటంలో ఒక పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుని, “స్వస్థత కలిగిందని నమ్మావు కదమ్మా, ఇంకా ఆ మాత్రలెందుకు?” అన్నారు. మానేశాను. మూడు వారాలు ఏమీ కాలేదు. అంతకుముందు వాడిన మందు ప్రభావం ఒంట్లో ఇంకా మిగిలి ఉంటుందని తెలియక, ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, దేవుడు నన్ను స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పాను. డిసెంబరు చలికి మణికట్లు మళ్లీ వాచాయి. సాక్ష్యం చెప్పిన నోటితో మాత్ర మింగడానికి సిగ్గుపడ్డాను. నా తప్పంతా ఆ సిగ్గులోనే ఉంది.

జనవరి మొదటి వారంలో తెనాలి దగ్గర ఒక ఊళ్లో పెళ్లి. ఉదయం నాలుగింటికే లేచి, బేసిన్‌లో వేడినీళ్లు పోసుకుని అరగంట సేపు చేతులు ముంచి కూర్చున్నాను. పిడికిలి సగమే ముడుచుకుంది. చర్చిలో కీర్తన పాడారు, అయ్యగారు వాక్యం చెప్పారు, ప్రమాణాలు జరిగాయి, అంతవరకు ఎలాగో నెట్టుకొచ్చాను. పెళ్లికొడుకు సిలువ గుర్తున్న మంగళసూత్రం పైకెత్తి అందరికీ చూపించాడు, ఆ ఒక్క ఫోటో వచ్చింది. అతను పెళ్లికూతురి మెడ మీదికి వంగినప్పుడు చూపుడువేలు బటన్ మీద వంగలేదు. నడిమి వేలితో నొక్కబోయాను. దూరం నుంచి తీయడానికి వాడే, కిలోన్నర బరువున్న 70–200 ఎం.ఎం. లెన్సును కింద నుంచి మోస్తున్న ఎడమ మణికట్టు ఆ క్షణంలోనే జారిపోయింది. కెమెరాను మళ్లీ కంటిదాకా ఎత్తేసరికి ముడులు పడిపోయాయి, జనం చప్పట్లు కొడుతున్నారు. నా పక్కన లైటు పట్టుకున్న కుర్రవాడి చేతిలో కెమెరా లేదు, ఎందుకంటే రెండో ఫోటోగ్రాఫర్‌కు ఇవ్వవలసిన డబ్బు నేను మిగుల్చుకున్నాను. చివరకు పెళ్లి ఆల్బమ్‌లో ఆ పేజీకి వీడియో నుంచి కోసిన మసక బొమ్మ పెట్టవలసి వచ్చింది. పెళ్లికూతురి తండ్రి కేకలు వేయలేదు. “ఒంట్లో బాగాలేదని నిన్న ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకొకరిని కూడా పెట్టుకునేవాళ్లం కదమ్మా” అన్నారు. ఇరవై వేలు తిరిగి ఇచ్చాను, ఆయన పది వేలే తీసుకున్నారు.

మాత్ర వేసుకుంటే అవిశ్వాసమని చెప్పేవారి మీద నాకు కోపం తగ్గలేదు. మా గుంటూరుకే 1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి మిషనరీగా వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆవిడ బైబిలును, స్టెతస్కోపును వేర్వేరు గదుల్లో దాచుకోలేదు. బైబిల్లో పౌలు తన శరీరంలోని ముల్లు లాంటి బాధ తొలగాలని మూడుసార్లు వేడుకున్నాడు, అది తొలగలేదు. ఆయన వెంట నడిచిన లూకా వైద్యుడు. ఇవన్నీ సండే స్కూల్లో నేర్చుకున్నవే. అయినా కూటంలో ఒకరు చేయి పట్టుకుని అడిగేసరికి అన్నీ మరిచిపోతాం.

ఆ తరువాత వ్యాపారాన్ని నా చేతులకు తగ్గట్టు మార్చుకున్నాను. బరువు లెన్సు అమ్మేసి, రెండు వందల గ్రాములు కూడా లేని 50 ఎం.ఎం. లెన్సుతో పని చేస్తున్నాను. దూరం నుంచి తీయవలసినవి రెండో ఫోటోగ్రాఫర్ తీస్తాడు. పసిపిల్లల ఫోటోలు మొదలుపెట్టాను, వాటికి ఉదయం పదకొండు తరువాతే రమ్మంటాను. తల్లి మధ్యలో పాలివ్వడానికి ఆగితే నాకూ వేళ్లకు విశ్రాంతి. మాత్ర బుధవారం రాత్రి వేసుకుంటాను. మరునాడు కడుపులో తిప్పుతుంది గనుక గురువారం బుకింగ్ తీసుకోను. ఒప్పంద పత్రంలో నాకున్న జబ్బు పేరు, రెండో ఫోటోగ్రాఫర్ తప్పక వస్తాడన్న సంగతి రాసి సంతకం చేయించుకుంటున్నాను. అది చదివి వెనక్కి వెళ్లిన కుటుంబాలు ఉన్నాయి, వెళ్లనివ్వండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. సంఘం వాళ్లు “దేవుని సేవ అనుకుని తీయమ్మా” అంటూ పెళ్లిళ్లకు ఉచితంగా పిలుస్తారు. షామియానా వేసేవారిని, బిర్యానీ వండేవారిని అలా అడగడం నేనెన్నడూ వినలేదు. క్రిస్మస్ నాటకాలు, సండే స్కూల్ పిల్లల కార్యక్రమాలు నేను ఉచితంగానే తీస్తాను, అది నా కానుక. పెళ్లి మాత్రం నా పని, దానికి వెల ఉంది. ఈ ఒక్క సంగతి మొదటి ఏడాదే చెప్పగలిగి ఉంటే, రెండో ఫోటోగ్రాఫర్ డబ్బు మిగుల్చుకునే కక్కుర్తి నాకు పట్టేది కాదు.

వచ్చే జనవరికి నాలుగు చర్చి పెళ్లిళ్లు ఒప్పుకున్నాను. నాలుగింటికీ రెండో ఫోటోగ్రాఫర్‌కు అడ్వాన్స్ ఇచ్చేశాను.