అరవై డిగ్రీల స్కేలుతో చతురస్రం ఎందుకు నిండదు

అమ్మడూ,

అతుకుల బొంత కోసం నువ్వు కోసిన గుడ్డ ముక్కల ఫొటోని నిన్న రాత్రి రెండుసార్లు పెద్దది చేసి చూశాను. చతురస్రం మధ్యలో త్రిభుజం, దానికి అటూ ఇటూ సన్నటి రెక్కలు. అడుగు వెడల్పు నాలుగు అంగుళాలు చక్కగా వచ్చింది, ఎత్తు మాత్రం మూడున్నర దగ్గరే ఆగిపోయింది. "నా చెయ్యి నిలకడగా లేదు పెద్దమ్మా, బ్లేడు కూడా మొద్దుబారింది" అని రాశావు. బ్లేడు మార్చుకో, మంచిదే. కానీ తప్పు నీ చేతిది కాదు. ఫొటోలో గుడ్డ పక్కన పడున్న త్రిభుజం ఆకారపు స్కేలు మీద 60° అని కనబడుతోంది. దొంగ అదే.

గళ్ళ కాగితం ఒకటి తీసుకో. నాలుగు గళ్ళ వెడల్పు, నాలుగు గళ్ళ ఎత్తుతో చతురస్రం గీయి. పై గీతకి నడిమధ్య చుక్క పెట్టి, అక్కణ్ణుంచి కింది రెండు మూలలకీ గీతలు లాగు. ఇప్పుడు కోణమానిని పెట్టి చూడు. పై మొన 53 డిగ్రీలకి కాస్త పైన ఉంటుంది. కింది మూలలు ఒక్కోటి 63న్నరకి కాస్త లోపల. 60 అన్నది ఎక్కడా లేదు. మూడు మూలలూ 60 ఉన్న త్రిభుజానికి ఎత్తెప్పుడూ భుజం కన్నా తక్కువే, భుజంలో 0.866 వంతు. భుజం 4 అంగుళాలైతే ఎత్తు 3.46. నీకు తక్కువ పడిన అర అంగుళం ఇదే. నువ్వు ఎంత జాగ్రత్తగా కోసినా అది తక్కువయ్యే తీరుతుంది.

చతురస్రంలో కూర్చునే త్రిభుజానికి వేరే స్కేలు ఉంటుంది. అది జతగా వస్తుంది: మధ్య ముక్కకి ఒకటి, రెక్కలకి సన్నటిది ఇంకొకటి. ఆ సన్నదాని మొన 26న్నర డిగ్రీలు, ఆ పక్క మూల 63న్నర, మిగిలింది లంబకోణం. జామెట్రీ బాక్సులో ఉండే 30-60-90 మూలమట్టం చూడ్డానికి దీని చెల్లెల్లా ఉంటుంది. ఆ పోలిక చూసి నేనూ ఒకసారి మోసపోయాను. నాలుగంగుళాల ఎత్తుకి రెక్క అడుగు 2 అంగుళాలు రావాలి, మూలమట్టంతో కోస్తే 2.3 వస్తుంది. మూడున్నర డిగ్రీలు కంటికి ఆనవు, కుట్టేటప్పుడు మాత్రం ఏడిపిస్తాయి.

రెక్కల సంగతిలో ఇంకో మాట. ఎడమ రెక్క, కుడి రెక్క అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఉండాలి. అందుకని గుడ్డని పై వైపులు ఒకదానికొకటి ఆనేలా మడిచి, రెండు పొరలూ కలిపి కొయ్యి. విడిగా ఒక్క పొర మీద కోసుకుంటూ పోతే ఇరవై ఎడమ రెక్కలు తయారవుతాయి, కుడిది ఒక్కటీ ఉండదు. అచ్చు ముద్ర ఒకే వైపున్న గుడ్డయితే తిరగేసి వాడుకోవడానికీ వీలుండదు.

ఇక స్కేలు మీద అంకెలు. కొత్తగా కొన్నవాళ్ళు చాలామంది 60 డిగ్రీల స్కేలు మీద 4 అని ఉంటే భుజం నాలుగంగుళాలు అనుకుంటారు. సాధారణంగా ఆ అంకె ఎత్తుది, మొన దగ్గర్నుంచి లెక్క. అంటే నువ్వు కోసుకోవలసిన పట్టీ వెడల్పు అన్నమాట. కుట్టాక కనబడే ఎత్తు ఇంకా తక్కువ. అడుగున కుట్టుకి పావంగుళం పోతుంది, పై మొన దగ్గర అర అంగుళం పోతుంది. పైన పావు కాకుండా అర ఎందుకు? రెండు వైపుల నుంచీ పావేసి అంగుళం లోపలికి వచ్చిన కుట్లు ఏటవాలుగా కలుసుకుంటాయి కాబట్టి. మొన ఎంత సన్నదైతే అంత ఎక్కువ గుడ్డ మింగుతుంది. కనక 60 డిగ్రీల త్రిభుజానికి కావలసిన ఎత్తు మీద ముప్పావంగుళం కలిపి పట్టీ కొయ్యి. నాలుగున్నర పట్టీలోంచి మూడుముప్పావు ఎత్తు త్రిభుజం వస్తుంది.

మొన కొట్టేసినట్టు చదునుగా ఉండే స్కేళ్ళు కూడా ఉన్నాయి. అవి విరిగినవి కావు. కుట్టయ్యాక పక్కకి పొడుచుకొచ్చే చెవుల్ని ముందే తీసేస్తాయి. ముక్కకి ముక్క ఆనించేటప్పుడు ఆ చదును కొస భలే ఆసరా. చదును ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టి ముప్పావు బదులు అరే కలపాల్సి రావచ్చు. చతురస్రంలో త్రిభుజం స్కేలుకి అర చాలు: 4 అంగుళాల చతురస్రానికి నాలుగున్నర పట్టీ. ఇద్దరు తయారీదారుల స్కేళ్ళు కలిపి ఒకే బ్లాకులో, అంటే ముక్కలు కుట్టి చేసే ఒక్కో బొంత గడిలో, వాడకు. కోణం ఒకటే అయినా అంకెల లెక్క ఎవరిది వారిదే.

45 అన్న అంకె ఇంకా గజిబిజి. 45-45-90 స్కేలు వేరు, పై మొన 45 ఉండి కింది మూలలు 67న్నర ఉండే స్కేలు వేరు. రెండో రకం ముక్కలు ఎనిమిది చేరితే గుండ్రంగా మూసుకుంటాయి, కెలైడోస్కోప్ బ్లాకు అంటారు. మొదటి రకంలోనూ మళ్ళీ రెండు స్కేళ్ళు అమ్ముతారు. కోణాలు అవే కదా, రెండెందుకు అని నాకూ చాలాకాలం అర్థం కాలేదు. తేడా పోగుది. చతురస్రాన్ని ఐమూలగా రెండు ముక్కలు చేస్తే పొడుగు వైపు క్రాస్ పడుతుంది, అంటే పోగుకి ఏటవాలుగా తెగుతుంది, సాగుతుంది. నాలుగు ముక్కలు చేస్తే పొట్టి వైపులు రెండూ క్రాస్, పొడుగు వైపు పోగు వెంబడి నిటారుగా ఉంటుంది. బ్లాకు అంచుకి వచ్చే వైపు ఎప్పుడూ పోగు వెంబడే ఉండాలి. ఏ వైపు అంచుకి వస్తుందో చూసుకుని స్కేలు ఎంచుకో. స్కేలు లేకపోయినా ఫర్వాలేదు: మొదటిదానికి కావలసిన కొలత మీద 7/8 అంగుళం, రెండోదానికి ఒకటింపావు కలిపి చతురస్రం కోసుకుని, ఐమూలగా ఒకటో రెండో కోతలు పెట్టుకో. క్రాస్ వైపులున్న గుడ్డకి కోయకముందే గంజి పెట్టు. ఇస్త్రీ పెట్టెని పైన అద్ది ఎత్తు, ఈడ్చకు.

గుండ్రటి డిజైన్లకి వాడే ముక్కల స్కేళ్ళ గురించి అడిగావు. అక్కడ ఒకటే లెక్క: 360ని స్కేలు కోణంతో భాగించు. 18 డిగ్రీలైతే 20 ముక్కలు, 22న్నరైతే 16, 9 అయితే 40. పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే, ఈ భాగహారం సరిపోకపోతే కొనకు.

నా మొదటి గుండ్రం 16 ముక్కలది. కోత మీద ఒక్క తప్పు లేదు. కుట్టి బల్ల మీద పరిచాను. పరుచుకోలేదు, టోపీలా లేచి కూర్చుంది! అరచేత్తో ఒక వైపు నొక్కితే రెండో వైపు లేచేది. తిరగేసి కుట్లు కొలిస్తే తెలిసింది. మొన దగ్గర పావంగుళంతో మొదలైన కుట్టు, పదంగుళాలు నడిచి బయటి అంచుకి వచ్చేసరికి ఇంకో 1/16 అంగుళం లావెక్కింది. ఆ 1/16 రెండు ముక్కల్లోంచీ పోతుంది కాబట్టి ఒక్కో కుట్టుకి 0.7 డిగ్రీ మాయం. పదహారు కుట్లకి పదకొండు డిగ్రీలు. 360కి బదులు 349 ఉంటే టోపీ కాక ఏమవుతుంది? దీనికి ఉల్టా, బయటికొచ్చే కొద్దీ కుట్టు సన్నబడితే అంచు కుచ్చిళ్ళు పోతుంది. ఒక సంగతి గమనించు: కుట్టు మొదట్నుంచీ చివరిదాకా ఒకే లావుగా ఉంటే, అది పావు కన్నా ఎక్కువైనా సరే, కోణం మారదు. కొలత మారుతుందంతే. గుండ్రం చదునుగానే పడుకుంటుంది.

పొడుగు స్కేలు మీద ఏటవాలుగా గీసుండే 30, 45, 60 గీతలతో కూడా కొయ్యొచ్చు. ఆ కోణం ఏ అంచు నుంచి లెక్కో మాత్రం ముందు చూసుకో. అడ్డం అంచు నుంచి 60 అయితే నిలువు అంచు నుంచి అది 30. నమ్మకం కుదరకపోతే కాగితం మీద ఆరు ముక్కలు కోసి ఒక చుక్క చుట్టూ పేర్చు. సందు లేకుండా మూసుకుంటే అది 60.

నువ్వు ఇప్పటికే కోసేసిన త్రిభుజాలని పారెయ్యకు. వాటిని ఆరేసి చొప్పున షడ్భుజాలుగా కుట్టు. ఆరింటినీ వరసగా గుండ్రంగా కుట్టుకుంటూ వెళ్ళకు, చివరి కుట్టు దగ్గర చిక్కుతావు. మూడు ఒక సగం, మూడు ఒక సగం చేసి, రెండు సగాలనీ ఒకే నిటారు కుట్టుతో కలుపు. మధ్యలో మొనలు కలిసే చోట ముందు ఒక గుండుసూది గుచ్చు, తర్వాతే కొసలకి. ఆ కుట్టయ్యాక ఫొటో పంపు, చదునుగా పడుకుందో లేదో చూస్తాను.

నీ పెద్దమ్మ