సింగర్, డ్రమ్మర్ వెళ్లిపోయారు, కొత్తవాళ్లు కుదరడం లేదు: సమాధానం

మీ కర్నూలు బ్యాండ్ సింగర్ బెంగళూరు వెళ్లిపోయాడు, డ్రమ్మర్ కూడా లేడు, కొత్తవాళ్లు కుదరడం లేదని రాశారు. మీరు వెతుకుతున్నది సింగర్‌ని కాదు, ఆ వెళ్లిపోయినతని జిరాక్స్ కాపీని. ఆడిషన్‌కి వచ్చినవాళ్లెవరూ పై స్వరాలు అందుకోవడం లేదన్నారు. ఆ పాటలు అతని గొంతుకు కట్టినవి మరి!

1. ముందు శృతి మార్చండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. పాట పాడించకముందే కీబోర్డు మీద ఒక్కో స్వరం పైకి పోతూ "ఆ" అనిపించండి. మెడ నరాలు బిగిసే చోటు గుర్తు పెట్టుకోండి. మీ పాటలోని అతి పై స్వరం దానికి కాస్త కిందే ఉండాలి. E మేజర్ శృతిలో ఉన్న పాటను D మేజర్‌కి దించాలంటే గిటార్, బేస్ గిటార్ తీగలన్నీ రెండు సెమిటోన్లు (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక సెమిటోన్) వదులు చేస్తే చాలు, వేళ్లు పెట్టే చోట్లు మారవు. పైకి ఎత్తాలంటే గిటార్ మెడకు తగిలించే క్లిప్పు, కాపో ఉంది. పాత రికార్డింగ్ పంపి "ఇట్లే పాడు" అనొద్దు.

2. డ్రమ్మర్ కోసం కర్నూలులో చర్చి క్వైర్లను, పెళ్లి ఆర్కెస్ట్రాలను అడగండి. ఆదివారం పొద్దున మాత్రం రిహార్సల్ పెట్టకండి.

3. ఒకరి చోట ఒకరే రావాలని లేదు. అషీమ్ చక్రవర్తి ఇండియన్ ఓషన్ అనే బ్యాండ్‌లో పాడుతూ తబలా వాయించేవారు. 2009లో ఆయన పోయాక పాటకు హిమాంశు జోషి, తబలాకు తుహీన్ చక్రవర్తి వచ్చారు. 1975లో సింగర్ పీటర్ గేబ్రియల్ వెళ్లిపోతే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ జెనెసిస్ బయటంతా వెతికి, చివరికి సొంత డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ చేతే పాడించింది. మీ బేస్ గిటార్ వాయించేవాణ్ని ఒకసారి పాడించి చూశారా?

4. ఆడిషన్‌లో సగం కట్టిన కొత్త పాట ఒకటి ఇవ్వండి. దాన్ని పోల్చడానికి పాత గొంతు ఉండదు.