చందూ, ఆ చెక్కకి అడ్వాన్స్ ఇవ్వకు

ఒరేయ్ చందూ,

నువ్వు .458 వించెస్టర్ మాగ్నమ్ రైఫిల్ చేయించుకుంటున్నావనీ, జింబాబ్వేలో కేప్ బఫెలో (ఆఫ్రికా అడవిదున్న) వేటకి వెళ్తున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. దానికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నా మేనల్లుడని గర్వంగా ఉంది, ఎందుకురా ఇదంతా అనీ ఉంది.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. స్టాక్, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, దాని పొడవు నీ చేతికి కొలిపించుకో, అదీ వేటకి వేసుకునే జాకెట్ వేసుకుని. స్టాక్ మడమకి, భుజానికి తగిలే ఆ చివరకి, మెత్తటి రబ్బరు ప్యాడ్ పెట్టించు. తేలిగ్గా ఉండాలని మోజు పడకు. 500 గ్రెయిన్ల బుల్లెట్‌ని తోసే తుపాకి, పది పౌండ్లు లేకపోతే గాడిదలా తన్నుతుంది.

ఇక స్టాక్ చేయించడానికని నువ్వు పంపిన టర్కిష్ వాల్‌నట్ చెక్క ఫోటో. (పేరే గొప్ప. మీ అత్తయ్య లడ్డూల్లో వేసే అక్రోటు చెట్టేరా అది.) పాతికేళ్ల కిందట నేనూ అలాంటి చెక్కకే పడిపోయాను. మొదలు నుంచి చివరిదాకా పొగ సుడులు తిరిగినట్టు చారలు. గ్రిప్ (చేత్తో పట్టుకునే సన్నటి చోటు) దగ్గర చార అడ్డం తిరిగింది, వద్దని గన్‌స్మిత్ ఒకసారి చెప్పాడు. విన్లేదు. టాంగ్ (చెక్కలోకి దిగి ఉండే ఇనప భాగపు వెనక తోక) వెనక విజిటింగ్ కార్డు మందాన ఖాళీ వదులుతానన్నాడు. చూడ్డానికి సందులా ఉంటుంది, అతికినట్టు బిగించమన్నాను.

జాంబేజీ లోయలో క్యాంపు. మొదటి రోజు పొద్దున గురి సరిచూసుకుంటూ మూడో గుండు కాల్చాను. టాంగ్ వెనక సన్నగా వెంట్రుక అంటుకుంది. బొటనవేలితో తుడిచాను. పోలేదు. మళ్లీ తుడిచాను. గైడు తుపాకి తీసుకుని గ్రిప్ దగ్గర కొంచెం వంచాడు, ఆ వెంట్రుక నోరు తెరిచి మూసుకుంది. తడి తోలు చుట్టి ఎండబెట్టారు గానీ దాన్ని మళ్లీ భుజానికి ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదు. గైడు తన రెండో రైఫిల్ ఇచ్చాడు. దాని స్టాక్ నాకు మరీ పొడుగు. దున్న అరవై గజాల్లో నిలబడి చూస్తుంటే మడమ చంకలో ఇరుక్కుంది. అది వెళ్లిపోయింది. అదే నా మీదికి వచ్చి ఉంటే? ఇప్పటికీ కలలో ఆ పగులు కనిపిస్తుందిరా.

మీ తాతయ్య గొడ్డలి కామకి కర్ర ఏరేటప్పుడు కన్ను దగ్గర పెట్టుకుని చార చివరిదాకా సాగిందా అని చూసేవారు. ఆయన కొడుకునయ్యుండీ నాకా బుద్ధి లేకపోయింది. నువ్వు సుడులన్నీ మడమ వైపు ఉండనీ. గ్రిప్ దగ్గర మాత్రం చార దాని వంపు వెంటే సాగాలి. పక్క నుంచీ చూడు, పైనుంచీ చూడు. రీకాయిల్ లగ్ (తుపాకి తన్నుని చెక్కకి ఆనించే ఇనప దిమ్మ) వెనక ఒకటి, మ్యాగజైన్ (తూటాల గది) వెనక ఒకటి క్రాస్‌బోల్టులు, అంటే చెక్కకి అడ్డంగా దిగే బోల్టులు, వేయించు. లగ్ ఆనే చోట ఎపాక్సీ పోయించు, తన్నంతా అక్కడే ఆగాలి. టాంగ్ మీదికి వచ్చిందా, అది మేకులా దిగి చెక్కని చీలుస్తుంది. చెక్క మీద నమ్మకం కుదరకపోతే ఫైబర్‌గ్లాస్ పెట్టించు, అందంగా లేదని నేనేమీ అనను.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ చెక్క రెండో వైపు ఫోటో, పైనుంచి తీసిన ఫోటో పంపు. రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

మావయ్య